హోరు లేని ఫ్యాను

నా మెకానిక్కుతో నేను నెల రోజులు మాట్లాడలేదు. మాది ఇరవై ఏళ్ళ స్నేహం. నా పెళ్ళి ఫోటోల్లో వాడున్నాడు, వాళ్ళ నాయన పోయినప్పుడు పాడె మోసినవాళ్ళలో నేనున్నాను. అట్లాంటివాణ్ణి వదులుకున్నది ఒక లారీ ఫ్యాను కోసమంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

నాది ఆరు చక్రాల లారీ. యజమానీ నేనే, డ్రైవరూ నేనే. మామూలు రోజుల్లో ఏది దొరికితే అది వేస్తాను. ఇటుకలు, బెల్లం, గూడూరు నుంచి నిమ్మకాయల బస్తాలు. మామిడి కాలం వచ్చిందంటే మాత్రం తోటల నుంచి బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ తప్ప ఇంకోటి ఎక్కించను. ఆ కొద్ది వారాలూ బండికి జ్వరం రాకూడదు. వచ్చిందా, ఒక రైతు ఏడాది కష్టం నా వీపు వెనక ఎండలో మగ్గిపోతుంది.

ఆ ఏడు సరిగ్గా అప్పుడే వచ్చింది. లోడుతో ఒక ఘాట్ ఎక్కుతుంటే వేడి చూపించే ముల్లు ఎర్ర గీతకు తగులుకుంది. పక్కకు తీసి, ఇంజను ఆపి, చల్లారేదాకా కూర్చున్నాను. ఘాట్ దాటి వేగం అందుకోగానే ముల్లు ఏమీ ఎరగనట్టు కిందికి దిగింది.

మర్నాడు చిత్తూరు బైపాసు పక్కన ఉన్న మావాడి రేకుల షెడ్డుకు పోయాను. ఇంజను నడుస్తుండగానే వాడు బానెట్ లేపి, తల లోపల పెట్టి ఏదో గొణిగాడు. ఆ మధ్య అందరూ గొణగడం మొదలుపెట్టారు. ఇంట్లో మా ఆవిడ వంటింట్లోంచి ఏదో అనేది, నేను పలకకపోతే దున్నపోతు మీద వాన కురిసినట్టుందని సాధించేది. నోరు తెరిచి స్పష్టంగా మాట్లాడే మనుషులే కరువయ్యారని నేను విసుక్కునేవాణ్ణి.

నేను పలకలేదని వాడు బానెట్ లోంచి బయటికొచ్చి నా ముఖం మీదికొచ్చి అరిచాడు. "ఫ్యాన్ క్లచ్ పోయిందని చెప్తా ఉండా కదప్పా! ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

పక్కన నలుగురు టీ తాగుతున్నారు. నలుగురూ నావైపు తిరిగారు. ఇరవై ఏళ్ళలో వాడు నా మీద గొంతు లేపింది అదే మొదలు.

ఇక్కడ ఆ ఫ్యాను గురించి రెండు మాటలు చెప్పాలి. రేడియేటర్ వెనక ఉండే ఆ ఫ్యాను ఎప్పుడూ ఒకే తీరుగా తిరగదు. దాని నడుమ గుండ్రంగా ఒక క్లచ్, క్లచ్ లోపల చిక్కటి నూనె ఉంటాయి. వేడి పెరిగితే ఆ నూనె ఫ్యాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు గాలివాన లేచినట్టు హోరుమంటుంది. వేడి తగ్గితే పట్టు వదులుతుంది, హోరూ తగ్గుతుంది. అది వినీ వినీ డ్రైవరు చెవికి అలవాటైపోతుంది.

"క్లచ్ పోతే హోరు యాడిది? నేను రోజూ వింటా ఉండాను కదా!" అన్నాను. "నా బండి సంగతి నువ్వు నాకు చెప్తావా?"

నాకు నా చెవుల మీద అంత నమ్మకం. బేరింగు అరుగుతున్నా, బెల్టు సాగినా మెకానిక్కు కంటే ముందు నాకే తెలిసేది. తోటి డ్రైవర్లు నన్ను తమ బండి ఎక్కించుకుని, 'విని చెప్పన్నా' అనేవాళ్ళు. ఆ పేరు కోసమే బతికానంటే అబద్ధం కాదు.

వాడు నన్ను కాసేపు చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని ఇంకో బండి దగ్గరికి పోయాడు. వాదన గెలిచాననుకుని నేను లారీ ఎక్కాను. ఇంక ఆ షెడ్డు గడప తొక్కనని ఇంటికి పోయి మా ఆవిడతో ఒట్టు వేసినంత పని చేశాను.

తర్వాత నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. వేరే మెకానిక్కులను పట్టుకున్నాను. ఫ్యాను బాగుందని ముందే నేనే చెప్పేస్తే వాళ్ళు మాత్రం దాన్నెందుకు చూస్తారు? ఒకాయన రేడియేటర్ విప్పి కడిగాడు. ఇంకొకాయన థర్మోస్టాట్ మార్చాడు. బెల్టు మారింది, నీళ్ళ పంపు మారింది. హైవేలో బండి చల్లగా పోయేది. సందుల్లో, ఎత్తుల్లో, తోట దారుల్లో మళ్ళీ కాగేది. ఇట్లా నిలబడ్డప్పుడు కాగి, పరిగెత్తేటప్పుడు చల్లబడితే ముందు ఫ్యాన్నే అనుమానించాలని ఏ డ్రైవరుకైనా తెలుసు. నాకూ తెలుసు. అయినా నా చెవి నాకు వేరే సాక్ష్యం చెబుతోంది.

అట్లా ఒక రోజు ఒకామె తోట నుంచి కాయ ఎక్కించుకున్నాను. భర్త లేడు, తోట ఆమే చూసుకుంటుంది. లోడుతో పాటు తానూ వచ్చి క్యాబిన్లో కూర్చుంది. ఫ్యాక్టరీ గేటు ముందు లారీల వరుస కిలోమీటరు దాకా ఉంది. నాలుగడుగులు జరగడం, ఆగడం, మళ్ళీ జరగడం. పొద్దున పదికే ఎండ మాడ్చేస్తోంది. ముల్లు లేచింది.

"కాయ చెమటపట్టి మెత్తబడితే లోపలికి తీసుకోరు నాయనా," అంది ఆమె. భయం ముఖంలోనే కనపడుతోంది.

"ఏం కాదులేక్కా, ఫ్యాను బాగా తిరగతా ఉండాది. వినపడల్లేదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ముందర బండి సూడు, ఎంత హోరు పెడతా ఉండాదో. మన బండిలో ఆ సద్దే లేదు కదప్పా."

"ముందర బండి యాడ హోరు పెడతా ఉండాది?" అన్నాను నవ్వుతూ. తమాషా చేస్తోందనుకున్నాను.

ఆమె నవ్వలేదు. ఇంజను ఆపి కిందికి దిగాను. ముందున్న లారీ పక్కగా నడిచి, దాని ఇంజను దగ్గరికి పోయేసరికి వేడి గాలి నా కాళ్ళకు కొట్టింది, రోడ్డు మీది మామిడాకులు ఎగిరిపోతున్నాయి. నాకు వినిపించింది మాత్రం ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఒక మూలుగు. ఆ లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనపడింది. అంతే.

నా లారీ దగ్గరికి వచ్చి బానెట్ లేపాను. ఫ్యాన్ని చేత్తో ఒక్క తోపు తోస్తే గిరగిరా తిరిగింది. ఇంజను అంత వేడిగా ఉన్నప్పుడు మంచి క్లచ్ చేతికి ఎదురు తిరగాలి. దాని చుట్టూ నూనె కారి, దుమ్ము అంటుకుని, నల్లగా అట్ట కట్టింది. కళ్ళతో చూస్తే తెలిసేదాన్ని నెల రోజులు చూడలేదు. పాత హోరేదో తలలో ఉండిపోయి, దాన్నే రోజూ విన్నాననుకున్నాను.

భయమేసింది. నిజం చెబుతున్నాను, బ్రేకులు పోయిన రోజు కూడా అంత భయపడలేదు. చెవి పోయిన డ్రైవరుకు లైసెన్సెవరిస్తారు, లోడెవరిస్తారు? నాకు ఇంకో పని రాదు.

ముందు ఆమె కాయ చేర్చాలి. వరుస ఆగిన ప్రతిసారీ ఇంజను ఆపేశాను, జరిగినప్పుడే స్టార్ట్ చేశాను. రేడియేటర్ మూత జోలికి పోకుండా, దాని ముందువైపు జాలీ మీద తడి గోనెపట్టాతో అద్దుతూ వచ్చాను. ఆమె చెంబుతో నీళ్ళందించింది. మధ్యాహ్నానికి గేటు దాటాం. కాయ లోపలికి పోయింది. "చల్లంగా ఉండు నాయనా," అని ఆమె బస్సెక్కింది.

నేను నేరుగా షెడ్డుకే పోయాను. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ పోయాను కానీ నోట్లోంచి ఒక్క ముక్కే వచ్చింది. "నువ్వు చెప్పిందే నిజమబ్బా. క్లచ్ పోయినాది."

వాడు ఒక్క పుల్లవిరుపు మాటైనా అనలేదు. కొత్త క్లచ్ తెప్పించి మర్నాటికల్లా బిగించాడు. పరీక్ష కోసం ఇంజను స్టార్ట్ చేసి, రేడియేటర్ ముందు ఒక పెద్ద అట్టముక్క అడ్డం పెట్టాడు. గాలి అందకపోతే వేడి తొందరగా లేస్తుంది, ఫ్యాను పట్టుకుంటుందో లేదో తెలిసిపోతుంది. ఇద్దరం నిలబడి ఎదురుచూశాం. కాసేపటికి అట్టముక్క ఒక్క గుంజు గుంజినట్టు జాలీకి అతుక్కుపోయింది.

వాడు నావైపు తిరిగాడు. "పట్టిందా?"

పట్టిందని చెప్పొచ్చు. కళ్ళకు కనపడుతూనే ఉంది. అది చెవితో పట్టింది కాదని ఎవరికీ తెలియదు. టీ తాగే నలుగురూ ఆ రోజూ ఉన్నారు.

"నాకు వినపడలేదబ్బా," అన్నాను.

వాడు పోయి ఇంజను ఆపాడు. నా ఎదురుగా వచ్చి, నా ముఖం చూస్తూ, మామూలు గొంతుతో మాట్లాడాడు. "తెలుసప్పా. రెండేళ్ళాయ. నువ్వు ఆయిలు మార్చేదానికి వచ్చినప్పుడల్లా, నువ్వు టీకి పోయినాక నీ బండి చుట్టూ తిరిగి నేనే ఇనేవాణ్ణి. బేరింగులు, బెల్టు, అన్నీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు బండమ్మేసి మంచమెక్కేస్తావు. నీ సంగతి నాకు తెలీదా? ఆ పొద్దు నలుగురి ముందర అరిచేస్తినే అని నెల రోజులు అన్నం సయించలా నాకు."

నెల రోజులూ వాణ్ణి నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను. నలుగురూ చూస్తున్నా సరే, ఏడ్చాను.

వాడు అట్టముక్క తీసి మూల పెట్టాడు. "తిరపతిలో చెవుల డాక్టరున్నాడు. ఇప్పుడే పోదాం. రోడ్డు మీద ఫ్యాన్నీ సూసినట్టుంటాది," అని, "నేను తోలతా," అన్నాడు.

కొన్నప్పటి నుంచి ఆ లారీ స్టీరింగు ముందు నేను తప్ప ఇంకొకరు కూర్చుని రోడ్డెక్కింది లేదు. జేబులోంచి తాళాలు తీసి వాడి చేతిలో పెట్టి, అటువైపు తిరిగి వెళ్ళి పక్క సీట్లోకి ఎక్కాను.