నీళ్ళు లేని దీవిలో సువార్త గబ్బిలం

కంబదూరు దగ్గర ఒక చెరువు నడుమ రాళ్ళగుట్ట ఉంది. పటంలో దాని పేరు దీవి. చెరువులో నీళ్ళుంటే కదా దీవి అయ్యేది! సువార్త అనే కూలామె పని దొరకని రోజుల్లో మేకలు మేపేది ఆ గుట్ట మీదే. పోయిన వారం గబ్బిలాలను వెతుక్కుంటూ ఒక పరిశోధకుడు పటాన్ని నమ్మి గాలి నింపే పడవ మోసుకొచ్చాడు.

"పడవెందుకు సారూ? మేకలే నడిచి పోతాండాయి," అని పకపకా నవ్వి, సువార్త ఆయన్ని బండసందు దగ్గరికి తీసుకుపోయింది. లోపల వేలాడుతున్న గబ్బిలాలను చూసి ఆయన గంతులేశాడు. ఈ జాతి ఇక్కడ ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ రాయలేదట.

"స్థానిక కూలీ సాయంతో కనుగొన్నాను" అని కాగితం మీద రాసి, చదివి వినిపించాడు.

సువార్త నవ్వు ఆగిపోయింది. "ఓట్లకొస్తే పేరు పెట్టి పిలుస్తారు, కాగితం కాడికొస్తే కూలీనా? నా పేరు రాయి."

"గబ్బిలం పేరు ముఖ్యమమ్మా."

"అదేమన్నా నిన్ను అడిగిందా? నేను అడుగుతాండా."

ఆయన కంగారుగా దాన్ని కొట్టేసి, కింది గడుల్లో మళ్ళీ రాశాడు. సువార్త కూడబలుక్కుని చదివింది: "జాతి: సువార్త. కనుగొన్నవారు: గబ్బిలం."

"ఏమప్పా, నన్ను తలకిందులుగా వేలాడదీసినావే!" అని పెన్ను లాక్కుని, తన పేరు సరైన గడిలో తానే రాసుకుంది.