సిస్టరమ్మ గోడమీది కాలువల ఊరు

కుప్పం నుంచి ఫోను వచ్చేసరికి నేను మదనపల్లె కాలేజీలో పాఠం చెబుతున్నాను. "సార్, సిస్టరమ్మ పొద్దున్నే పోయింది. ఈ పొద్దే మదనపల్లెకి తీసుకొస్తాండాము," అంది, జబ్బు చేస్తే ఆవిడను తనింటికి తీసుకెళ్లిన చెల్లెలి కూతురు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరై, మా పక్కింట్లో ఒంటరిగా ఉండిన ఆవిడను ఊరంతా సిస్టరమ్మ అనే పిలిచేది. నేనూ అంతే.

ఆవిడ ముందుగదిలో ఒక పటం ఉంది. దేశం విడిచి వెళ్తూ ఒక దొరసాని డాక్టరు ఇచ్చిన వెనిస్ నగరం బొమ్మ. వీధులు ఉండాల్సిన చోట నీళ్లు, నీళ్లలోకి దిగే మెట్లు. వచ్చినవాళ్లను దానికి ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "ఏం కనబడతాండాది, సెప్పు," అనేది. రామసముద్రం టమాటా రైతు ఒకాయన, "ఇన్ని నీళ్లు పెట్టుకోని ఒక్క మడి కూడా లేదేందమ్మా!" అని వాపోయాడు. కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతె, "కిటికీలన్నీ మూసుండాయి," అంది. ఆ పిల్లను మాత్రం సాయంత్రం దాకా కదలనివ్వలేదు.

నేనేమో చరిత్ర లెక్చరర్‌ని. నన్నడిగితే ఊరుకుంటానా? వర్తకులు, ఓడలు, బురదలో దుంగలు పాతి లేపిన మేడలు, నీటి మీది వెలుగును చిత్రకారుడు పట్టిన తీరు... గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. ఆవిడ అంతా విని, "సరే గానీప్పా, అదంతా పుస్తకంలో ఉండేదే. నీకేం కనబడతాండాది?" అనేది. ఎన్నిసార్లు అడిగిందో! నేను మళ్లీ వర్తకుల దగ్గర మొదలుపెట్టేవాణ్ణి.

ఆ పటం ఎడమ మూలన పక్కపక్కనే రెండు వాకిళ్లు, రెండింటికీ కలిపి నీళ్లలోకి దిగే ఒకటే మెట్ల వరస ఉన్నాయి. వాటి గురించి నేను నోరెత్తలేదు. పుంగనూరులో మా ఇల్లు పంచుకున్నప్పుడు నేనూ మా అన్నా ఉమ్మడి మెట్లను నడిమికి పగలగొట్టించి గోడ పెట్టించాం. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. మిషన్ ఆసుపత్రిలో మా అమ్మ ఆఖరి రోజుల్లో ఆమె మంచం పక్కన ఉన్నది సిస్టరమ్మే. కొడుకులిద్దరూ వేరువేరు వేళల్లో వచ్చి పోవడం కళ్లారా చూసింది. ఒక్కనాడూ ఆ మాట తనంతట తాను ఎత్తలేదు.

సమాధుల తోట నుంచి తిరిగి వచ్చాక ఇల్లు జనంతో నిండిపోయింది. చోటు దొరక్క ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. అది ఎప్పుడూ పటం కిందే ఉండేది. అందులో కూర్చుంటే పటం కనబడదు, ఎదుటి మనిషి ముఖం కనబడుతుంది. ఛీ, ఎంత సిగ్గేసిందో! ఇన్నేళ్లూ ఆవిడ నన్నే చూస్తూ కూర్చుంది. ఆ మూల దాటేసి నేను గడగడా మాట్లాడుతుంటే, దాటేసే నా ముఖాన్ని చూస్తూ ఓపిగ్గా కాఫీ తాగింది. నా గురించి అడుగుతున్న మనిషికి నేను ఊళ్లేలిన వర్తకుల కథ చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

అప్పుడే మా అన్న వచ్చాడు. పుంగనూరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, పాదాల నిండా దుమ్ము. సిస్టరమ్మ చెల్లెలి కూతురు ఆయన చేతిలో కాఫీ గ్లాసు పెట్టి, ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో, నాకెదురుగా కూర్చోబెట్టింది. ఆయన నన్ను చూడలేదు. నా తల మీదుగా పటాన్ని చాలాసేపు చూశాడు.

"రెండు వాకిళ్లకీ ఒకటే మెట్లుండాయే," అన్నాడు.

ఎవరితో అన్నాడో తెలియదు. నేను వెనక్కి తిరగలేదు. ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆ కుర్చీలోంచి అదొక్కటే కనబడుతుంది.