బాపు పేరు చివర సాన్

ఆ నెలంతా ఒళ్లు అలిసిపోయే ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. భూపాలపల్లి రోడ్డులో, ఘనపూర్ దగ్గర కొత్తగా కడుతున్న రైస్ మిల్లులో యంత్రం బిగించడానికి జపాన్ నుంచి ఒక పెద్దాయన వచ్చి, బస్సులూ రైళ్లూ ఆగిపోవడంతో ఇరుక్కుపోయాడు. ఆయన మాట మనవాళ్లకూ, మనవాళ్ల మాట ఆయనకూ చెప్పే దుబాసీని నేను. వాళ్ల కంపెనీ హైదరాబాద్‌లో తెరవబోయే ఆఫీసుకి ఆయన నా గురించి నాలుగు మంచి ముక్కలు రాస్తే ఉద్యోగం నాదే. ఆ కాగితం కోసం నోరు మూసుకుని తిరిగాను. రోడ్డు మీద జనం వంటావార్పు చేస్తుంటే తల వంచుకుని గేటు దాటేవాణ్ని. సిగ్గుగానే ఉండేది, అయినా దాటేవాణ్ని.

మిల్లు ఓనరు జనగామ వైపు భూస్వాముల కుటుంబం. హమాలీలను ఆయన ఏనాడూ పేరుతో పిలవలేదు. ‘అరేయ్’ చాలు ఆయనకు. నన్ను మాత్రం కుర్చీలో కూర్చోబెట్టేవాడు. మీదే ఊరంటే మహబూబాబాద్ అని చెప్పి ఊరుకున్నాను. గార్ల దగ్గర తండా అని చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

జపాన్ పెద్దాయనకు ఆ ‘అరేయ్’ లేదు. హమాలీ అయినా, ఊడ్చే అవ్వ అయినా పేరు అడిగి తెలుసుకుని, చివర మన ‘గారు’ లాంటి ‘సాన్’ తగిలించి పిలిచేవాడు. మొదట్లో మిల్లంతా నవ్వింది. తర్వాత ఆయన పిలుపు కోసమే చుట్టూ తిరిగేవాళ్లు.

నేను సాయంత్రం జపనీస్ క్లాసుల్లో నేర్చుకున్న మర్యాద ఇంకొంచెం ఉంది. సాన్ ఎదుటివాళ్లకే. మన పేరుకు మనం పెట్టుకోకూడదు. మనవాళ్ల గురించి బయటివాళ్లకు చెప్పేటప్పుడు కూడా పెట్టకూడదు, కన్నతండ్రి అయినా సరే. మనవాడు కాబట్టే వట్టి పేరు. ఇది విన్న రోజు నాకు ఒళ్లు మండింది. మా బాపు జన్మంతా వట్టి పేరుతోనే, అదీ సగం విరిచిన పేరుతోనే పిలిపించుకున్నాడు. నేనూ అలాగే చెప్పాలా అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం బాపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు నెలలుగా నేను ఇంటికి పోలేదని, ఉన్నానో లేనో చూసిపోదామని వచ్చాడట. కొంత దూరం ఆటో, కొంత దూరం ట్రాక్టరు, మిగతాదంతా నడక. ధోతి మోకాళ్ల దాకా దుమ్ము.

“ఎవడ్రా నువ్వు? పని లేదు, ఏం లేదు, పో,” అన్నాడు ఓనరు.

బాపు నావైపు చూశాడు. నేను ఇస్త్రీ చొక్కాలో, జపాన్ ఆయన పక్కన.

“గాయనతోని జర పనుంది దొరా,” అన్నాడు. నన్ను. సొంత కొడుకును పట్టుకుని ‘గాయన’ అన్నాడు.

“ఈయనెవరు?” అని పెద్దాయన తన భాషలో అడిగాడు. నేను బాపు పేరు చెప్పాను. చివర స్పష్టంగా సాన్ పెట్టాను. మా వైపు మనిషి అని చేర్చాను.

పెద్దాయన నడుము వంచి దండం పెట్టి, బాపును సాన్ అని పిలిచి, తన కుర్చీ జరిపాడు. బాపు కుర్చీ అంచున కూర్చుని, నేను పక్కకు వంగినప్పుడు చెవిలో అడిగాడు.

“ఏమన్నడురా?”

“నీ పేరుకు గారు పెట్టిండు బాపు.”

“నా పేరుకా? గీ వయసుల?” బాపు నోరు కప్పుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లు. రొట్టెల మూట నా చేతిలో పెట్టి, చీకటి పడితే బండ్లు దొరకవని వెంటనే లేచాడు. తండాలో అందరికీ చెప్తానన్నాడు.

అది గౌరవం కాదని ఆ గేటు దగ్గర నాకు ఒక్కడికే తెలుసనుకున్నాను. ఆ భాషలో నేను అన్నది, ఈ మనిషి నావాడు కాడని. నామీద నాకే అసహ్యమేసింది. ఆ అసహ్యంతోనే సాయంత్రం దాకా పనిచేసి, తిని పడుకున్నాను.

తర్వాత ఆయన ఆ కాగితం రాసిచ్చాడు. ఉద్యోగం వచ్చింది, తెలంగాణ వచ్చింది. కానీ నాకు గుర్తుండేది బాపు వచ్చిపోయిన మర్నాటి పొద్దున. పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడి, నెమ్మదిగా అడిగాడు. ఎదుటివాళ్ల తండ్రిని మర్యాదగా అనే మాటే వాడాడు.

“మీ నాన్నగారు క్షేమంగా ఇల్లు చేరారా?”

చేరాడో లేదో, రాత్రి ఎక్కడ ఉన్నాడో, నేను ఫోన్ చేసి కనుక్కోనే లేదు.