పాట అయిపోయాక వచ్చిన గొంతు

పాత క్యాసెట్‌లో పాట ముగిశాక సన్నగా ఒక చప్పుడు వస్తుంది. పొయ్యి మీద ఎసరు మరగడానికి ముందు గిన్నె చేసే చప్పుడులాంటిది. అది ఎక్కడ వినపడినా ఇప్పటికీ నా మాట ఆగిపోతుంది. వరంగల్ మట్టెవాడలో భిక్షపతి సార్ ఇంటి ముందుగదిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆ చప్పుడు వింటూ ఇద్దరం కూర్చున్నాం. అంతకుముందు చాలాసేపు, ఎవరో రేడియోలోంచి పట్టుకున్న సినిమా పాటలు వచ్చాయి. చివరి పాట సగంలో టక్కున తెగింది. ఇక ఏమీ లేదనుకుని నేను నీళ్ళ గ్లాసు అందుకోబోయాను. సార్ చెయ్యెత్తి ఆపారు. దూరంగా మగ్గాల మోత మొదలైంది. దాని మీదుగా ఒక మగమనిషి గొంతు వచ్చింది. “పెద్దదానికి పట్టగొలుసులు కొన్న. వచ్చెటోళ్ళతోని పంపిస్త. ఈడ వానలు బాగ పడుతున్నయ్. నా గురించి ఫికర్ జెయ్యకు. చిన్నోనికి...” అక్కడికి టేపు అయిపోయింది. బటన్ తనంతట తానే పైకి లేచింది.

సార్ టేప్‌రికార్డర్ వైపు కాక నా వైపు చూశారు. “మా నాయినేనా తమ్మీ?” అని అడిగారు. ఆయన తండ్రి పోయేనాటికి నేను పుట్టనేలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా అడిగారు.

భిక్షపతి సార్ మా పత్రిక వరంగల్ ఆఫీసులో డెస్క్ ఇన్‌చార్జి. నేను కొత్తగా చేరినప్పుడు నా వార్తలు దిద్దింది ఆయనే. నేతపని వాళ్ళ ఇంట్లో పుట్టారు. తండ్రి చేతిమగ్గం నేసేవాడు. ఇక్కడ పని తగ్గిపోయాక వాడకట్టులోని చాలామందిలాగే ముంబై దగ్గరి భివండి వెళ్ళి మరమగ్గాల మీద చేరాడు. మరమగ్గాన్ని మావైపు సాంచె అంటారు. సార్ తల్లికి చదువు రాదు. ఉత్తరం వస్తే ఇంకొకరితో చదివించుకోవాలి. మొగుడూ పెళ్ళాల మాటలు మూడోమనిషి నోటి మీదుగా పోవాలి. అందుకని ఆ రోజుల్లో భివండి వెళ్ళినవాళ్ళు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఇంట్లో విన్నాక అదే క్యాసెట్ మీద తిరిగి మాట్లాడి పంపాలి. జవాబు చెప్పాలంటే, వచ్చిన కబురు చెరిగిపోక తప్పదు. అందులో తప్పేమీ ఎవరికీ కనిపించలేదు. విన్నాం కదా, ఇంకెందుకు అనుకునేవారు. మనిషి ఎలాగూ తిరిగి వస్తాడు.

సార్ తండ్రి తిరిగి రాలేదు. జ్వరం వచ్చి అక్కడే పోయాడు. భార్య ఆఖరుసారి మాట్లాడి పంపిన క్యాసెట్ కూడా అక్కడే ఉండిపోయింది. తండ్రి ముఖం గుర్తుపెట్టుకోవడానికి సార్‌కు ఒక ఫొటో అయినా మిగిలింది. గొంతు మాత్రం బొత్తిగా గుర్తులేదు. వయసులో బాగా పెద్దదైన అక్క ఒక సంగతి చెప్పేదట. అమ్మ తక్కువ మాట్లాడేది, నాయిన టేపు నిండేదాకా మాట్లాడేవాడు. కాబట్టి అమ్మ జవాబు అయిపోయాక కూడా, టేపు చివర నాయిన మాటలు కొన్ని చెరగకుండా మిగిలిపోయేవి. ఆ ఒక్క మాట పట్టుకునే, భివండి నుంచి వచ్చిన ఎవరి సామానులోనో ఆ క్యాసెట్ ఊరు చేరి ఉంటుందని సార్ ఇన్నేళ్ళూ పాత సామాన్ల దుకాణాలు తిరిగారు. ఇదంతా ఆయనతో తిరగడం మొదలుపెట్టిన చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు. మొదట్లో పాత వస్తువుల పిచ్చి అనుకున్నాను.

అంతకన్నా ముందు నాకు తెలిసిన సార్ వేరు. ఒకసారి పత్తి మార్కెట్ యార్డుకు వెళ్ళి, ధర పడిపోయిన ఒక రైతుతో మాట్లాడి వచ్చాను. వార్త రాసి ఆయన ముందు పెట్టాను. చదివి, మెడ వెనక చెయ్యి వేసుకుని కాసేపు కళ్ళు మూసుకున్నారు. అలసట వచ్చినప్పుడల్లా అలా చేసేవారు, అలసట ఎప్పుడూ ఉండేది. “నువ్వు బుక్కు మూసినంక ఏమన్నడు?” అని అడిగారు. బుక్కు మూయగానే లేచి వచ్చేశానని చెప్పాను. “అయితే సగమే తెచ్చినవ్. పోయి కూసో. ఏం అడగకు.” చిరాకు పడుతూనే మళ్ళీ వెళ్ళాను. ఆ రైతు తన బస్తాల మీదే ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయనే, నా వైపు చూడకుండా, ఇంట్లో సరుకు మంచిగా అమ్ముడుపోయిందని చెప్పానని, పేపర్లో తన పేరు రాయవద్దని అన్నాడు. నేను తిరిగి వెళ్ళకపోయి ఉంటే మర్నాటి పత్రికలో ఆయన పేరు, ఊరు, ఫొటో వచ్చేవి. సార్ పేరు కొట్టేసి వార్త వేశారు. దాని గురించి నాకు పాఠం ఏమీ చెప్పలేదు. చాయ్ తాగుదాం రమ్మన్నారు.

ఆ తర్వాతే ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళడం మొదలైంది. మట్టెవాడలో యాకూబ్ భాయ్ దుకాణం ఇప్పటికీ ఉంది. తుక్కుసామాను ఏరేవాళ్ళు తెచ్చిన వాటిలో పనికొచ్చేవి ఏరి అమ్ముతాడు. కీ ఇస్తే డప్పు కొట్టే రేకు కోతి, అంచులు చిరిగిన వైకుంఠపాళి పటం, బ్యాటరీల చోట తుప్పుపట్టిన చేతి వీడియోగేమ్, గీతలు పడ్డ గ్రామఫోన్ రికార్డులు, వాటి మధ్య గోనెసంచుల నిండా క్యాసెట్లు. హైదరాబాద్ నుంచి కుర్రవాళ్ళు వచ్చి కార్లలో వేసుకుని వెళ్తుంటారు. పాటలు వినడానికి కాదు, హోటళ్ళ గోడలకు అతికించడానికి. సార్ వాళ్ళకంటే ముందు చేరాలని పొద్దున్నే బయలుదేరేవారు. మోకాళ్ళ నొప్పి ఉన్నా నేల మీద కూర్చునే వెతికేవారు. రేకు బొమ్మలు కూడా కొనేవారు గానీ, అవి కొంత ఇష్టం మీద, కొంత క్యాసెట్ల కోసమే వచ్చినట్టు కనబడకుండా ఉండటానికి.

ఆయన క్యాసెట్ చేతిలోకి తీసుకుంటే బొమ్మ చూసేవారు కాదు, పాటల పేర్లూ చూసేవారు కాదు. పై అంచును వేలితో తడిమేవారు. కంపెనీ పాటల క్యాసెట్ల మీద మళ్ళీ రికార్డు కాకుండా అక్కడ రెండు చిన్న గుంటలు వదులుతారు. ఆ గుంటల్ని దేనితోనైనా మూసేస్తే రికార్డు అవుతుంది. ఖాళీ క్యాసెట్ కొనలేనివాళ్ళు అలాగే చేసేవారు. కాగితం ముక్క కుక్కి ఉంటే సార్ పక్కన పెట్టుకునేవారు. బొట్టుబిళ్ళ అతికించి ఉన్నా పక్కన పెట్టుకునేవారు. ఇంటికి తెచ్చి, రెండు వైపులా, ఆఖరు దాకా వినేవారు. ఎవరివో భజనలు, బారసాలలు, పిల్లల పద్యాలు. ఏ ఒక్కటీ మధ్యలో ఆపలేదు. నేను విసుగు పడితే, “అయిపోయిందనుకున్నంక గూడ జరసేపు ఆగు” అనేవారు.

యాకూబ్ భాయ్ ఆయన్ని ఆటపట్టించేవాడు. “అందరు పాటల కోసం వస్తరు సార్. మీరు పాట ఖతమైనంక వచ్చే గాలి కోసం వస్తరు. గాలికి పైసలెట్ల అడగాలె?” సార్ నవ్వేవారు కాదు గానీ, ఆ మాట నాకు చాలాసార్లు చెప్పారు.

ఆ క్యాసెట్ దొరికింది కూడా అక్కడే. గుంటలో కాగితం లేదు. చిక్కుపడిన నూలుపోగును గట్టిగా మెలిపెట్టి కుక్కారు. సార్ దాన్ని పట్టుకుని చాలాసేపు లేవలేదు. మగ్గాల దగ్గర పనిచేసేవాడి చేతికి కాగితం కన్నా ముందు తగిలేది నూలే. కానీ భివండిలో అలాంటి చేతులు ఎన్ని? ఆ సంచి ఎక్కడిదని అడిగితే, నాలుగు ఊళ్ళ తుక్కు కలిసి వచ్చిందని యాకూబ్ భాయ్ చెప్పాడు. ఆ మధ్యాహ్నమే మేం ఆ గొంతు విన్నాం.

తర్వాతి ఆదివారం తొర్రూరులో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళాం. కౌసల్యక్క అప్పటికే ముసలిదైంది. టేపు తిరుగుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పట్టగొలుసుల మాట రాగానే, “నాయినే” అంది.

“ఎట్ల చెప్తవక్కా?” అన్నారు సార్.

“పట్టగొలుసులు నాకు రాలేదారా? నాకు గాక ఎవలకొచ్చినయ్?”

“భివండి పోయిన ప్రతోడు బిడ్డకు పట్టగొలుసులే పంపిండు.” టేప్‌రికార్డర్ మీద చెయ్యి పెట్టి అడిగారు. “చిన్నోనికి అంటుండు గదా. నాకేం పంపిండు?”

అక్క చాలాసేపు ఆలోచించింది. “యాదికి లేదురా” అంది. ఆ మాట చెప్పడానికి ఆమె పడ్డ కష్టం చూసి నేను బయటికి వచ్చేశాను.

స్టేషన్ ఘన్‌పూర్‌లో మొండయ్య అనే ముసలాయన ఉన్నాడు. భివండిలో సార్ తండ్రితో ఒకే గదిలో ఉన్నవాడు. ఆయన మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. చివరికి తల అడ్డంగా ఊపి, “మీ నాయినది బొంగురు గొంతు బిడ్డా. గిది సన్నగున్నది” అన్నాడు. రైల్లో తిరిగి వస్తున్నప్పుడు సార్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. టేప్‌రికార్డర్ మోటారు కొంచెం జోరుగా తిరిగినా గొంతు సన్నబడుతుందని, అప్పటి మిషను ఎలా తిరిగిందో ఎవరికి తెలుసని అన్నారు. నాకు చెప్పినట్టు లేదు.

మొండయ్య దగ్గరికి వెళ్ళిన సంగతి అక్కకు తెలిసింది. ఆమె మట్టెవాడకే వచ్చింది. ఇంట్లోకి రాలేదు, గడప మీదే కూర్చుంది. పెత్రమాస దగ్గర పడింది. ఆ రోజు పోయినవాళ్ళ పేరున బియ్యం ఇస్తాం. ఈసారి నాయిన గొంతు ఇంటిల్లిపాదికీ వినిపించాలని ఆమె అప్పటికే అందరికీ చెప్పుకుంది.

“నువ్వు పేపరోనివి. ఇద్దర్ని అడగంది దేన్నీ నమ్మవు” అంది. “మా నాయిన గొంతు గుర్తువట్టనీకి నాకు సాక్షి గావాల్నారా?”

సార్ ఆమె పక్కన కింద కూర్చున్నారు. “నీది అబద్ధమని అంటలేనక్కా. ఇది మనది గాకపోతే, ఇంకో ఇంటోళ్ళ నాయిన గదా. మనం దాసుకుంటే వాళ్ళెక్కడ దేవులాడుకుంటరు?”

ఆమె గడప మీంచి లేచింది. చెప్పులు వేసుకుంది. అయినా పెత్రమాస నాడు సార్ టేప్‌రికార్డర్ సంచిలో పెట్టుకుని తొర్రూరు వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. అక్క మనవలు, మనవరాళ్ళు నేల మీద వరసగా కూర్చున్నారు. పాటలు వస్తున్నంతసేపు పిల్లలు గిల్లుకున్నారు. గొంతు రాగానే అందరూ మిషను దగ్గరికి జరిగారు. వాళ్ళు దాన్ని ఫోన్లలో ఎక్కించుకున్నారు. “ముత్తాత” అని ఒక పిల్ల ఇంకో పిల్లకు చెప్పింది. సార్ అవునని గానీ కాదని గానీ అనలేదు. అక్క ఆయన విస్తట్లో తన చేత్తో గారెలు వేసింది. తిరిగి వచ్చే బస్సులో చెప్పారు. “అక్కకు నాయిన దొరికిండు తమ్మీ. నాకింకా దొరకలే.”

అందరూ ఇక ఆయన వెతకడం మానేస్తారనుకున్నారు. ఆయన ఆ క్యాసెట్‌ను, ఒక టేప్‌రికార్డర్‌నూ తీసుకెళ్ళి యాకూబ్ భాయ్ దుకాణంలో పెట్టారు. భివండిలో మనుషుల్ని పోగొట్టుకున్న వాళ్ళెవరైనా వచ్చి వినవచ్చని వాడకట్టుల్లో కబురు చేయించారు. తాను ఎప్పటిలాగే ఆదివారాలు వెళ్ళి, మిగిలిన సంచుల్లో వెతుక్కునేవారు. కొందరు వచ్చారు. ఒకాయన తన అన్న గొంతేనని గట్టిగా చెప్పి, మళ్ళీ వింటే కాదేమోనన్నాడు. సార్ ఎవరినీ తొందరపెట్టలేదు, ఎవరి మాటా కొట్టిపారేయలేదు. మూడోసారి కూడా పెట్టమంటే పెట్టేవారు. ఒకరోజు దుకాణం మెట్లు దిగుతూ ఛాతీ పట్టుకున్నారు. దవాఖానకు తీసుకెళ్ళేలోపే పోయారు. చేతిసంచిలో ఇంకా వినని క్యాసెట్లు ఉన్నాయి. అవి నేను విన్నాను, ఆఖరు దాకా. ఏమీ లేవు.

రిపోర్టింగ్‌లో ఆయన నాకిచ్చిన అలవాటు ఇప్పుడు పెద్దగా చెల్లుబాటు కావడం లేదు. బుక్కు మూసి కూర్చునే తీరిక ఆఫీసుకు లేదు, వార్త ఫోన్లో అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. అయినా కూర్చుంటాను. ఎక్కువసార్లు ఏమీ జరగదు. అవతలి మనిషి ఇబ్బందిగా కదులుతాడు, నేను లేస్తాను. ఎప్పుడో ఒకసారి వాళ్ళే మాట్లాడతారు. ఆదివారాలు యాకూబ్ భాయ్ దుకాణంలో సార్ కూర్చున్న చోటే కూర్చుంటాను. వెతకడానికి కాదు, ఎవరైనా వస్తే బటన్ నొక్కడానికి.

పోయిన వానాకాలంలో నేను లేని రోజు ఒక ముసలామె వచ్చిందని యాకూబ్ భాయ్ చెప్పాడు. ఒంటరిగా వచ్చిందట. పాటలన్నీ ఓపిగ్గా వింది. గొంతు వచ్చినప్పుడు కదలలేదు. “చిన్నోనికి” అన్నాక బటన్ లేచింది. ఆమె మిషను వైపే చూస్తూ, “ఇంకేం లేదా?” అని అడిగింది. లేదమ్మా అన్నాడు. మీ మనిషేనా అని అడగడానికి అతనికి నోరు రాలేదు. ఆమె తడిసిన గొడుగు తీసుకుని మెట్లు దిగింది. ఏ ఊరో, ఎవరి కోసం వచ్చిందో మాకు తెలియదు. మళ్ళీ రాలేదు.