ముట్టకూడని కాయ

నందికొట్కూరులో కల్యాణమండపం నడిపే నాగసుబ్బయ్యకు తన నీడ మీద కూడా నమ్మకం లేదు. పొద్దున్నే ఆవరణంతా తిరుగుతూ పరిచిన ప్రతి బండనూ కాలితో తొక్కి చూస్తాడు. కదిలిందా, ఎవడో కావాలని కదిలించాడంటాడు. పెళ్లివారి నెత్తిన కాయ పడితే తన మీద కేసు పెడతారని కాపుకొచ్చిన కొబ్బరిచెట్లు కొట్టించాడు. కరెంటు తీగల వైపు ఒంగిన వేపకొమ్మలు నరికించాడు. పాములు చేరతాయని ప్రహరీ వెంట కంపచెట్లన్నీ పీకించాడు. జాగ్రత్త మంచిదే, కాదనం. ఈయన జాగ్రత్త మాత్రం పక్కవాడి మీద అనుమానంతోనే మొదలవుతుంది.

ఆ పనులన్నీ చేసేది తోటమాలి ఓబుళేశు. పెళ్లాం పోయినప్పటి నుంచి గేటు పక్క గదిలోనే అతని కాపురం. పని పోతే గదీ పోతుంది. నాలుగు మాటలు అడిగితే ఒకటి చెబుతాడు. అదే నాగసుబ్బయ్యకు గిట్టదు. ఉలకని పలకని మనిషి మనసులో ఏముందో ఎవరికి తెలుసు?

ఆ రోజు పెద్దింటి పెళ్లి. జనం కళ్లు మంచివి కావని నాగసుబ్బయ్య తెల్లవారగానే గుమ్మడికాయకు గాటు పెట్టి, లోపల కుంకుమ నింపి, పైన కర్పూరం వెలిగించి మండపానికి దిష్టి తీశాడు. గేటు ముందు తన చేత్తోనే పగలగొట్టాడు. చీపురుతో వచ్చిన ఓబుళేశును ఆపాడు.

“ముట్టద్దు. ఆ దిష్టి మనకే చుట్టుకుంటాది. పొద్దుగూకినాక చూద్దాం.”

ముహూర్తానికి ముందే గేటు దగ్గర కేక వినబడింది. పెళ్లికూతురి మేనత్త సుంకులమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. నాగసుబ్బయ్య వచ్చేసరికి ఆమెను ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపేశారు. కాయ ముక్కలు వందమంది కాళ్ల కింద నలిగిపోయి ఉన్నాయి. వాటి మీదికి ఆయన చూపే పోలేదు. పచ్చికకు పెట్టిన నీళ్లతో పక్క బండలు తడిగా కనిపించాయి. ఆయనకు అది చాలు.

“ఎదురు మండపమోళ్ల మాట విని ఎవురో బండలు తడిపినారు” అన్నాడు.

“నేను నీళ్లు పెట్టింది ఆపక్క సామీ” అన్నాడు ఓబుళేశు. “ఆయమ్మ పడింది ఈడ, గేటు కాడ...”

“నీ పేరు ఎవురెత్తినారప్పా? గుమ్మడికాయల దొంగ అంటే బుజాలు తడుముకున్నెట్ల ఉండాది. రేపు గది ఖాళీ చెయ్.”

సాయంత్రం నాగసుబ్బయ్య ఆసుపత్రికి పోయాడు. పరామర్శకు అనుకునేరు. కాలు నిజంగా విరిగిందా, కేసు కోసం కట్టు కట్టించుకుందా అని చూడటానికి. కట్టు నిజమే, మూలుగూ నిజమే. అరిగిన చెప్పులు వేసుకొచ్చిందేమోనని మంచం కిందికి వంగి ఒకటి తీసి తిప్పి చూశాడు. కొత్త చెప్పు. అడుగున ఎర్రటి గుజ్జు ఎండిపోయి, అందులో గుమ్మడి గింజలు అతుక్కుని ఉన్నాయి.

ఎవరైనా తెచ్చి అంటించారేమోనని ఒక్క క్షణం అనుమానించాడు. పాపం, అలవాటు. కానీ ఆ ఎరుపు తన చేత్తో నింపిన కుంకుమే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“ఏమప్పా, చెప్పును అట్ల చూస్తాండావు?” అంది సుంకులమ్మ.

“తప్పు నాదేనమ్మా. కాయ కొట్టింది నేనే, తియ్యనీకుండా చేసిందీ నేనే.”

కేసుకు అంత భయపడే మనిషి నోట ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. ఆమె జవాబు కోసం ఆగకుండా తిరిగి మండపానికి వచ్చాడు. ఓబుళేశు గదిలో మూట కడుతున్నాడు.

“కాయ సంగతి నీకు తెలుసు గదా. గట్టిగా చెప్పకపోతివే?”

“ఇన్నేండ్లలో నేను చెప్పింది ఒక్కటన్నా మీరు నమ్మినారా సామీ?”

నాగసుబ్బయ్య మూట మీద చెయ్యి వేశాడు. “పోవద్దు ఓబుళేశూ, ఈడనే ఉండు” అన్నాడు.

ఓబుళేశు మూలనున్న చీపురు తీసి ఆయన చేతికిచ్చాడు.

“ఆడ ఇంకా జారతాండాది. మీ దిష్టి, మీరే తియ్యండి.”

నాగసుబ్బయ్య వంగి గేటు ముందు ఊడవడం మొదలుపెట్టాడు. ఓబుళేశు మూట విప్పకుండానే గుమ్మంలో నిలబడి, ఆయన సరిగ్గా ఊడుస్తున్నాడో లేదో చూస్తూ ఉన్నాడు.