నల్ల కారు మీది తెల్ల దుమ్ము

కోలారు బంగారు గనుల ఊరు ఊరిగాంలో మా పక్క క్వార్టర్సులో ఉండిన ఆయన వల్ల నాకు నాలుగు రైళ్లు తప్పిపోయాయని అందరికీ చెబుతుంటాను. నాలుగు కాదు, ఒక్కటే.

గాలి లేస్తే చాలు, మూతపడ్డ గనుల్లో బంగారం తీసేశాక పోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీది తెల్ల దుమ్ము వచ్చి ఆయన నల్ల కారు మీద పరుచుకునేది. రోజూ పొద్దున్నే డస్టర్ పట్టుకుని, కప్పు మీంచి కిందికి, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచేవాడు.

"ఒత్తకూడదప్పా. దీంట్లో ఇసక ఉండాది, గీత పడతాది" అనేవాడు.

భార్య పోయినప్పటి నుంచి ఆ కారులో పక్క సీటు ఖాళీ. అటుగా పోయే నన్ను రోజూ అడిగేవాడు, "యాడికైనా పోవల్లా అప్పా?" అని. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

ఒకరోజు, "బంగారుపేటలో పది గంటల రైలుండాది, దింపుతావా?" అన్నాను. మురిసిపోయి, తుడిచిన కారునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"చాల్లే సామీ, నేనేమన్నా పెండ్లికొడుకునా?"

"ఉండప్పా, ఇంగ డిక్కీ ఒకటే."

మేం స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయింది.

ఆ ఒక్కటీ అబద్ధమే. నేనెక్కాల్సిన రైలేదీ లేదు. నాకూ ఇంట్లో పలకరించే మనిషి లేక, కాసేపు ఆ సీట్లో కూర్చోవాలనిపించింది.

ఆయన నా వట్టి చేతుల వైపు చూశాడు. "సంచి యాడప్పా?"

నేను చేతులు ఒళ్లోకి లాక్కున్నాను. ఆయన కారు వెనక్కి తిప్పుతూ మెల్లగా అడిగాడు. "రేపు ఎన్ని గంటల రైలప్పా?"