ఏడో ఇంటి గుడ్డ

నా మొదటి బిడ్డ విరుదునగరులో, మా పుట్టింట్లో పుట్టింది. పదకొండో రోజున పోయింది. పదహారో రోజున బండి కట్టించుకుని మనవరాలిని చూడ్డానికి రావాలనుకున్న మా అత్తకు కబురు మాత్రమే అందింది. అందుకే మళ్ళీ నెల తప్పినప్పుడు ఆమె నన్ను పుట్టింటికి పంపలేదు. "ఈ తూరి కాన్పు ఈడనే" అని తేల్చేసింది. కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పొలాల మధ్య ఉంటుంది మా ఊరు. చుట్టూ పత్తి తప్ప మరొకటి కనిపించని ఆ ఇంట్లో కూర్చుని, ఈ బిడ్డయినా దక్కుతుందా అని పొద్దస్తమానం భయపడడమే నా పనయింది.

ఏడో నెలలో ఉచ్చగుడ్డల సంగతి నేనే ఎత్తాను. మార్గళి నెల మంచులో కాన్పు, ఉతికినవి ఓ పట్టాన ఆరవు, ముప్ఫై అయినా ఉండాలి. కోవిల్‌పట్టి సంతలో మల్లుగుడ్డ చవకగా దొరుకుతోందట, ఒక తాను తెప్పిద్దామా అన్నాను.

"కొత్తగుడ్డ వేండామ్మా. బిడ్డ పుట్టకముందే కొత్తది కొంటారా ఎవరన్నా?" అంది అత్త. "ఒక బిడ్డ పోయినాక ఊరకుండకూడదు. ఏడిండ్లకు పోయి పాతకోకలు అడిగి తీసుకో. తొలిబిడ్డ బతికుండే ఇండ్లు చూసుకో. నీ కోకలు మట్టుకు వద్దు."

నా చీరలు వద్దన్న మాట చాలా బాధపెట్టింది. పైగా నాలుగు జతల ఎడ్లున్న ఇంటి కోడలు గడపగడపా ఎక్కి పాతబట్టలు అడుక్కోవాలా? ఒళ్ళు మండింది. ఆమెకేం, నోటితో చెప్పేసింది, తిరగాల్సింది నేను కదా! అయినా బయల్దేరాను. ఆ రోజుల్లో బిడ్డ దక్కుతుందంటే ఎవరేం చెప్పినా చేసేదాన్ని.

అడగడానికి సిగ్గుపడ్డాను గానీ, ఎంచుకునేటప్పుడు ఆ సిగ్గు ఎటుపోయిందో తెలియదు. ఇచ్చిన చీరను చెంపకు రాసుకుని చూసేదాన్ని. ఒక చుక్క నీళ్ళు వేసి, పీల్చుకుంటుందా, పైనే నిలుస్తుందా అని చూసేదాన్ని. ఎరుపు వద్దనేదాన్ని, తడిస్తే రంగు దిగి బిడ్డ తొడలకు అంటుతుందని. మూడో ఇంటి అవ్వ బుగ్గలు నొక్కుకుంది.

"అడుక్కునేదానికి వచ్చి ఇంత సోదనా కూతురా!" అని నవ్వి, ఏళ్ళ తరబడి కట్టి కట్టి వెలిసిపోయిన నేతకోక ఒకటి చేతిలో పెట్టింది. అన్నిటిలోకీ అదే మెత్తనిది.

ఆరిళ్ళు అయ్యాయి. ఏడో ఇంటి కోడలూ నేనూ తొలిబిడ్డల్ని ఒకే నెలలో కన్నాం. నేను వెళ్ళేసరికి వాళ్ళ పిల్లవాడు తలుపు పట్టుకుని నిలబడి, నన్ను చూసి నవ్వాడు. ఉన్నట్టుండి ఏడుపు ముంచుకొచ్చింది. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి, ఏమీ అడగకుండానే వచ్చేశాను.

ఆరిళ్ళ చీరలు చింపితే ఇరవైతొమ్మిది గుడ్డలయ్యాయి. నా పెట్టె అడుగున ఒక గుడ్డ ఉంది. మొదటి బిడ్డకని మా అత్త తన కోక చించి విరుదునగరుకు పంపినవాటిలోది. బిడ్డ పోయిన రోజున అన్నీ మూటకట్టి పారేస్తుంటే, ఆ ఒక్కదాన్నీ ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను. దాన్నే ముప్ఫయ్యోదిగా కలిపేసి, ఏడిళ్ళూ అయ్యాయని అత్తకు అబద్ధం చెప్పాను. ఆమె అన్నిటినీ బూడిదనీళ్ళలో ఉడకబెట్టి ఎండేసింది.

మళ్ళీ ఆడబిడ్డే పుట్టింది. పది రోజులు బాగానే ఉంది. పదకొండో రోజు పొద్దున ఎత్తుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. రొమ్ము పట్టలేదు. పోయిన బిడ్డ గుడ్డ కలిపి నేనే చేతులారా చేశాననుకున్నాను. గుడ్డలన్నీ కింద కుమ్మరించి ఆ ఒక్కదాని కోసం వెతికాను. సరిగ్గా ముప్ఫై ఉన్నాయి, అది మాత్రం లేదు. అత్త కాళ్ళ దగ్గర కూలబడి, వెక్కుతూ జరిగిందంతా చెప్పేశాను.

"తెల్సు" అందామె, బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ. "ఉడకబెట్టిన దినమే తీసేసినా. నేను కట్టిన కోక నాకు తెలీదా? ఏడో ఇంటికి నేనే పోయి అడిగి తెచ్చి కలిపినా. ఏడుపు ఆపి పాలివ్వు పో."

ఆ రోజంతా ఇద్దరం బిడ్డను కింద పెట్టలేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఒళ్ళు చల్లబడి, ఆకలికి గట్టిగా ఏడ్చింది. పాలు తాగి నిద్రపోయాక ధైర్యం చేసి అడిగాను.

"ఆ గుడ్డ ఎక్కడ పారేశావత్తా?"

ఆమె తన పెట్టె తెరిచింది. పెళ్ళికోక మడతలో ఉంది అది.

"నువ్వన్నా పదకొండు దినాలు ఎత్తుకున్నావమ్మా ఆ బిడ్డను" అంది. "నాకు ఇదొక్కటేగదా."

ఆ గుడ్డను నేను మళ్ళీ అడగలేదు.